రెండోసారి గట్టిమేళం

చిత్తూరు,
14 ఆగస్టు 2025, గురువారం.

దొరికిందిరా గిరీ, దొరికింది! పుత్తూరు పెళ్ళి క్యాసెట్టు దొరికింది!

ఉత్తరం మొదట్లో దీవెనలూ క్షేమ సమాచారాలూ రాయాలని నాకు తెలియక కాదు. కలం పట్టుకోగానే చెయ్యి నా మాట వినకుండా ఆ ముక్కే ముందు రాసేసింది. ఇప్పుడు పద్ధతిగా రాస్తాను. చిరంజీవి గిరిప్రసాద్‌కు, నీ నెత్తిన చెయ్యి పెట్టి దీవిస్తూ మీ నాయన మేళం చిన్నబ్బ రాసేదేమంటే, ఇక్కడ నేనూ మీ అమ్మ చంద్రకాంతమ్మా బాగానే ఉన్నాము. నాకు మోకాళ్ళు, ఆమెకు కళ్ళు. అంతకు మించి చెప్పుకునే జబ్బులు లేవు. అక్కడ ముంబైలో నువ్వూ, కోడలూ, నా మనవరాలు మహితా చల్లగా ఉండాలి.

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం గీతలు పడతాయి గాని జవాబు రాదు. అందుకే జయచంద్రను అడిగి నీ ఇంటి అడ్రసు తీసుకుని కాగితం మీద రాస్తున్నాను. చించెయ్యాలన్నా ముందు దీన్ని చేతిలోకి తీసుకోవాలి కదా.

జయచంద్రను నీకు నేను పరిచయం చెయ్యనక్కర లేదు. బెంగళూరు నుంచి నీ వాయిద్యం వెంట తిరిగే ఆ గడ్డం అబ్బాయే. ముంబైలో నీకు పేరొచ్చాక వచ్చిన రికార్డులన్నీ అతని దగ్గర ఉన్నాయట. అంతకు ముందువి, నువ్వు నా మేళంలో శాక్సోఫోను పట్టిన నాలుగేండ్లవి, ఒక్కటీ లేవని, అవి దొరికితే అన్నీ కలిపి ఒక సెట్టుగా బయటికి తెస్తానని రెండున్నర ఏండ్ల కిందట మన గడప తొక్కాడు. నిన్ను గిరిప్రసాద్ సార్ అన్నాడు. మా సార్ తొలి రోజుల వాయిద్యం వినకుండా మా సార్‌ను విన్నట్టు కాదు అన్నాడు. వేలూరులో రిటైరైన బ్యాండు మాస్టరు దగ్గర నేను కొని తెచ్చిన పాత శాక్సోఫోను పట్టుకుని చీమిడి ముక్కుతో ఊదినవాణ్ణి సార్ అంటుంటే, మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళి కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.

ఆ కాలంలో పెళ్ళిళ్ళకు మైకు సెట్టు పెట్టేవాళ్ళు ఆంప్లిఫయరుకు టేప్‌రికార్డరు తగిలించి, మేళం మొత్తం క్యాసెట్టుకు ఎక్కించి పెళ్ళివాళ్ళకు ఇచ్చేవాళ్ళని అతనికి తెలియదు. నేనే చెప్పాను. మన మేళం ఎక్కడుంటే అక్కడ మైకు సెట్టు సుభాన్ బాషాదే కదా. వాడు ఎవరెవరికి క్యాసెట్లు ఇచ్చాడో ఇద్దరం కూర్చుని గుర్తు చేసుకున్నాం. ఆ రోజు నుంచి నాకు ఇదే పని. డెబ్బై నాలుగేండ్ల వయసులో చేతి సంచీ తగిలించుకుని బస్సులెక్కి, ముప్పై ఏండ్ల కిందట మేళం వాయించిన ఇండ్లకు పోయి, అమ్మా మీ పెండ్లి క్యాసెట్టు ఉండాదా అని అడుగుతున్నాను. కొందరు నన్ను పాత సామాన్లు కొనేవాణ్ణి అనుకున్నారు.

ఇంతవరకూ మూడు దొరికాయి. ఒకటి తిరుపతి గంగమ్మ జాతరలోది. వేషాలోళ్ళ కేకల మధ్య నువ్వు ఒకటిన్నర నిమిషం వినబడతావు. రెండోది నగరిలో ఒక మగ్గాల ఇంట్లోది. ఆ మహాతల్లి, రికార్డు చెరిగిపోకుండా క్యాసెట్టు మూలన విరిచి పెట్టే చిల్లిలో కాగితం ముక్క కుక్కి, పైన భజన పాటలు ఎక్కించుకుంది. నలభై నిమిషాలు భజన విన్నాక, అది అయిపోయిన చోట కింద నుంచి నువ్వు లేస్తావు. మూడే మూడు నిమిషాలు. సుభాన్ అంగడిలో అది విని నేను లేచి నిలబడ్డాను. మూడోది పలమనేరులో ఒక హోటలాయన మనవడికి చెవులు కుట్టిన రోజుది. ఆ బిడ్డ కేరుమని ఏడిస్తే, ఆ ఏడుపును నువ్వు శాక్సోఫోనులో అచ్చంగా పలికిస్తావు. బిడ్డ ఏడుపు మానేసి నిన్ను చూసినట్టుంది, జనమంతా నవ్వుతారు. అందులో అందరికంటే పెద్ద నవ్వు నాదిరా. విను. కావాలంటే జయచంద్రను అడుగు, పంపిస్తాడు. బిడ్డను కొట్టే తండ్రి అట్లా నవ్వుతాడా?

ఇదుగో, రాయకూడదు అనుకుంటూనే ఆ మాటకు వచ్చేశాను. వచ్చాను కాబట్టి దాచడమెందుకు.

మూడేండ్ల కిందట తిరుపతిలో మీ సుబ్రమణ్యం మామ ఇంట్లో గృహప్రవేశం. బంధువులంతా ఉన్నారు. ఎవరో ఫోనులో నువ్వు ఇంగ్లీషులో మాట్లాడిన ఇంటర్వ్యూ పెట్టారు. అందరం మురిసిపోతూ చుట్టూ చేరాము. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. మీ మామ రైల్వేలో పనిచేసినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, ఒక్కో మాటా తెలుగు చేసి గట్టిగా చెప్పాడు. నా మొదటి గురువు మా నాయన అన్నావని చెప్పగానే నాకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాతి మాట కూడా అదే గొంతుతో చెప్పేశాడు, ఆపుకోలేకపోయాడు పాపం. పద్నాలుగేండ్లప్పుడు పుత్తూరులో ఒక పెండ్లిలో మొదటిసారి సొంతంగా వాయించానని, అది పూర్తికాక ముందే మా నాయన అందరి ముందూ చెంప పగలగొట్టాడని, ఇప్పటికీ ఆ పాటనే పూర్తి చెయ్యాలని చూస్తున్నానని అన్నావట. విస్తళ్ళు వేసి ఉన్నా భోజనానికి కూర్చోకుండా లేచి వచ్చేశాను.

ఆ రోజు మొదలు నా బతుకు చూడు. మన వీధి చివర టీ అంగడి కాడ పోతే ఏం చిన్నబ్బా, సెయ్యి నొప్పి తగ్గిందా అంటారు. గ్లాసు అందుకుంటే అబ్బా, మెల్లిగా పట్టుకోప్పా, పగిలిపోతాది అని ఇకిలిస్తారు. నలభై ఏండ్లు ఈ జిల్లాలో పెండ్లిపెండ్లికీ నాదస్వరం వాయించినవాణ్ణి. నా పేరు చెపితే ఇప్పుడు ఎవరికీ నా తోడి రాగం గుర్తు రాదు. చెంపదెబ్బ గుర్తొస్తుంది. ఆ పని చేసింది నా కొడుకు.

నేను చేసినవి నేను ఒప్పుకుంటానురా. నీ శాక్సోఫోను ఆరు నెలలు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. నిజమే, పదో తరగతి పోతుందని భయపడ్డాను. తిట్టాను. పదిహేడేండ్లకు నువ్వు వేలూరు బ్యాండు మాస్టరు దగ్గరికి పారిపోతే వెతుక్కుంటూ రాలేదు. అదీ నిజమే. కాని నేను కొట్టలేదు. ఈ చేతులు నాదస్వరం పట్టిన చేతులు. పాకాలలో మీ పెద్దత్త, నా సొంత అక్క, పిల్లోడు ఊరికే చెప్తాడా తమ్ముడా అన్నందుకు రెండేండ్లుగా ఆమె గడప తొక్కలేదు. తిరుమలలో కల్యాణకట్టలో పనిచేసే మీ జయరామ్ బాబాయిని గుడి ముందుకు పిలుచుకుపోయి, గోపురం వైపు చెయ్యి చాచి ఒట్టు పెట్టాను. అంతకంటే ఏం చెయ్యాలి?

మహిత సంగతి కూడా చెప్పెయ్యనీ. పోయిన ఏడాది ఎండాకాలంలో వాళ్ళమ్మ ఫోనులో నాకు ఫోన్ చేసింది. నీకు తెలిసుండదు. వచ్చీరాని తెలుగులో తాతా, నువ్వు నాన్నను కొట్టినావా అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ నాయన అబద్ధాలకోరు తల్లీ అన్నాను. ఆ తర్వాత మళ్ళీ చెయ్యలేదు. పన్నెండేండ్ల పిల్ల, దాని తప్పేముంది. ఈ క్యాసెట్టు అందరికంటే ముందు దానికే వినిపించాలి.

ఇప్పుడు తెలిసిందా, పుత్తూరు క్యాసెట్టు అంటే నేనెందుకు ఇంత ఎగురుతున్నానో!

ఆ పెండ్లి నాకు నిన్న జరిగినట్టు గుర్తుంది. తొంభై నాలుగు, మే నెల. జయచంద్రకు గట్టిమేళం అంటే ఏమిటో కూడా చెప్పాల్సి వచ్చింది. తాళి కట్టే నిమిషంలో ఎవరి తుమ్ముగాని, ఏడుపుగాని, చెడ్డమాటగాని పెండ్లికూతురి చెవిన పడకూడదని దోళ్ళూ సన్నాయిలూ అన్నీ ఒక్కసారిగా హోరెత్తిస్తామని చెపితే, ఆశ్చర్యంగా రాసుకున్నాడు. ఆ నిమిషంలో మేళం వైపు ఎవరు చూస్తారు? అందరూ లేచి అక్షింతలు పట్టుకుని పందిట్లోకి తోసుకుపోతారు. అందుకే నువ్వు అందరి ముందూ అన్నా, చూశామన్నవాడు ఒక్కడూ లేడు. దోలు వాయించిన మన ధనంజయ ఉండి ఉంటే చెప్పేవాడు, వాడు పోయి ఆరేండ్లయింది. సుభాన్‌ను అడిగితే నేను మిషన్ సూస్తా ఉన్న్యా, నిన్ను సూడలేదప్పా అంటాడు.

కాని ఒకటి చెప్పనా? ఆ పెండ్లిలో గట్టిమేళం రెండుసార్లు మోగింది. నా నలభై ఏండ్లలో ఇంకే పెండ్లిలోనూ అట్లా జరగలేదు. తాళి కట్టేటప్పుడు ఒకసారి. ఆ తర్వాత నువ్వు ఒక్కడివే ఏదో ఊదావు, అది జనానికి నచ్చి, హుషారొచ్చి మళ్ళీ గట్టిమేళం కొట్టించారు. ఈ మాట నేను వందమందికి చెప్పుకున్నాను. నా కొడుకు పద్నాలుగేండ్లప్పుడే పెండ్లిలో రెండోసారి గట్టిమేళం కొట్టించుకున్నవాడు అని. నువ్వేమో అదే పెండ్లి గురించి ప్రపంచానికి ఏం చెప్పావు?

సరే, ఎట్లా దొరికిందో విను. పెండ్లికూతురు ధరణమ్మ పుట్టినిల్లు పుత్తూరులో ఎప్పుడో అమ్మేశారు. వాళ్ళ తమ్ముడు శ్రీ సిటీలో ఏదో కంపెనీలో సూపర్వైజరని తెలిసి, పోయిన నెల అక్కడికి పోయాను. ఏ కంపెనీయో తెలియదు. షిఫ్టు వదిలే వేళకు గేటు బయట నిలబడి, వచ్చే బస్సునల్లా ఆపి అడిగాను. మూడు రోజులు పోయాను. మూడో రోజు ఎవరో డ్రైవరు ఈ పెద్దాయన మళ్ళా వచ్చినాడప్పా అని జాలిపడి ఆయన్ను పిలుచుకొచ్చాడు. అక్క గూడూరులో ఉందని, వాళ్ళాయన నిమ్మకాయల వ్యాపారమని చెప్పాడు.

నిన్న గూడూరు పోయాను. ఇంటి ముందంతా నిమ్మకాయల బస్తాలు, ఆ వాసన ఇంకా నా చొక్కాకు ఉంది. ధరణమ్మ నన్ను గుర్తుపట్టింది. నేను క్యాసెట్టు మాట ఎత్తకముందే ఆ పిల్లోడు బాగుండాడా పెద్దాయనా, ఇంగా వాయిస్తాండాడా అని అడిగింది. ముప్పై ఒక్క ఏండ్లయినా నీ వాయిద్యం మరిచిపోలేదు చూడు! ముంబైలో పెద్ద పేరు తెచ్చుకున్నాడమ్మా అంటే, గుండెల మీద చెయ్యి పెట్టుకుని సల్లగా ఉండనీ అంది. బీరువాలో పట్టుచీర మడతల నుంచి క్యాసెట్టు తీసింది. మేము దీన్ని ఎప్పుడూ పెట్టుకోని ఇనలేదు పెద్దాయనా, నాకెందుకో ఇనబుద్ధి కాలేదు అంది. ఇంట్లో మిషను లేదేమో అనుకున్నాను. ఒక్కసారీ పెట్టని క్యాసెట్టు! టేపు కొత్తదాని మాదిరి నిగనిగలాడుతోంది. చిల్లిలో కాగితం కుక్కి భజనలు ఎక్కించుకోని మహాలక్ష్మి ఆమె. చేతులెత్తి మొక్కి వచ్చాను.

ఇప్పుడు సుభాన్ బాషా అంగడిలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాడి టేప్‌రికార్డరులో బెల్టు తెగి ఉంది. పొద్దున పదింటికి వచ్చాను, మధ్యాహ్నం మూడవుతోంది, ఇంకా బెల్టు వెతుకుతూనే ఉన్నాడు. ఇదుగో అంటాడు, ఇది సాలదు అంటాడు, టీ తెప్పిస్తాడు. త్వరగా కానీరా ముసలోడా అంటే, ముప్పై ఏండ్లు ఇనకుండా బతికినోడివి, ఇంగొక పూట బతకలేవా చిన్నబ్బా అంటున్నాడు. మీ అమ్మను కూడా రమ్మన్నాను. నువ్వు పో, నాకు ఆడ ఇనేదేమీ లేదు అని తోటకూర ఒలుచుకుంటూ కూర్చుంది. కొడుకు రికార్డు వినడానికి రాని తల్లి ఎక్కడైనా ఉంటుందా? నిన్న బస్సు దిగి ఇంట్లో అడుగు పెడుతూనే, నా పరువు దొరికిందే అని కేకవేస్తే, కాళ్ళు కడుక్కోమని చెంబు అందించింది.

నీ మీద గెలవాలని కాదురా గిరీ. అంటే, గెలవాలనే. ఒట్టి మాట ఎందుకు. కాని గెలిచాక అంతా మరిచిపోతాను. నువ్వు పొరపాటు పడ్డావు, చిన్నపిల్లాడివి, తిట్టును దెబ్బ అనుకున్నావు, అంతే. పొరపాటయింది నాయనా అని ఒక్క మాట అను, చాలు. నువ్వు వాయించే జాజ్ కూడా ఇప్పుడు నాకు తెలుస్తోంది. మొదట్లో ఆ గోల ఏమిటో అనుకునేవాణ్ణి. అందరూ కలిసి ఒక పాట ఎత్తుకుంటారు. తర్వాత ఒక్కొక్కడూ ఇల్లు వదిలి తన దారిన తాను తిరుగుతాడు. ఎంత దూరం పోయినా ఆఖరికి ఆ పాట దగ్గరికే వచ్చి చేరుకుంటాడు. మనం ఆలాపన చేసి పల్లవికి వచ్చినట్టే. నీది విన్నప్పుడల్లా, వస్తాడు, ఇప్పుడొస్తాడు అని కాచుకుని ఉంటాను.

వచ్చే నెలలో మీ మామ ఇంట్లో మనవరాలికి ఓణీల ఫంక్షను ఉంది. సుభాన్ మైకు సెట్టు పెడతాడు. ఎక్కడైతే నా తల వంగిందో అక్కడే, అదే జనం ముందర ఈ క్యాసెట్టు వేయిస్తాను. ఎవరెవరికి కబురు చెయ్యాలో విన్న తర్వాత కింద రాస్తాను.

బెల్టు దొరికిందట. సుభాన్ పిలుస్తున్నాడు.

ఎప్పుడూ నీ మేలు కోరే, ఈ రోజు మాత్రం కొంచెం తన మేలు కూడా కోరుకుంటున్న

మీ నాయన
చిన్నబ్బ.

మరిచిన ముక్క: సాయంత్రం ఆరు.

కవరు ఇంకా అంటించలేదు. అంటించి డబ్బాలో వేసి ఉంటే బాగుండేది అని కాసేపు అనుకున్నాను. పైన రాసింది చించేద్దామని కూడా అనుకున్నాను. చించలేదు. అది కూడా నేనే రాసింది కదా, చదువు.

విన్నాను. నీకు తెలిసిందే నీకు రాస్తున్నాను. అయినా రాయాలి.

మంత్రాలు, తర్వాత గట్టిమేళం. అది ఆగుతుంది. ఆగిన చోట నువ్వు మొదలుపెడతావు. అప్పటిదాకా మనం వాయించిన పాటనే ఎత్తుకుంటావు, ఒక చుట్టు నేను నేర్పినట్టే వస్తుంది, అక్కడి నుంచి వదిలేసి బయలుదేరుతావు. ఎంత బాగుందిరా. పద్నాలుగేండ్ల పిల్లోడి ఊపిరి అది. నేను తల ఊపుతూ ఉన్నాను. పందిట్లో నుంచి ఎవరో ఏందప్పా ఆ ఏడుపు రాగం అంటారు. నువ్వు ఆపవు. అప్పుడు నా గొంతు. ఎవుర్ని అడిగి ఊదతాండావురా, ఇదేమన్నా నీ పెండ్లా అంటాను. నువ్వు ఊదడం ఆపి, అయిపోతాండాది నాయనా, ఇంగొక్క సుట్టు, వచ్చేస్తా అంటావు.

ఇంగొక్క సుట్టు అన్నావురా. ఆ తర్వాత చప్పుడు. అది తిట్టు చప్పుడు కాదు. శాక్సోఫోను కింద పడిన మోత. తర్వాత నీ ఏడుపు.

ఆ తర్వాత నా గొంతే మళ్ళీ. ధనంజయా, కొట్టప్పా గట్టిమేళం, ఏడుపు ఇనబడతాండాది అంటున్నాను.

జనానికి నచ్చి కొట్టించలేదు. నేనే కొట్టించాను. నువ్వు ఏడుస్తున్నది పెండ్లికూతురి చెవిన పడకూడదని. రెండోసారి గట్టిమేళం చాలాసేపు మోగింది. సుభాన్ మైకు నీ పక్కనే పెట్టి ఉన్నాడు కాబట్టి, దాని కింద నుంచి కూడా నువ్వు వినబడుతూనే ఉన్నావు. నగరి క్యాసెట్టులో భజనల కింద నుంచి లేచినట్టు.

నేను అబద్ధం చెపుతున్నానని నాకు తెలుసా అని నువ్వు అడుగుతావు. మొదట్లో తెలిసే ఉంటుంది. అదే కథను గొప్పగా అందరికీ చెప్పీ చెప్పీ, అదే జరిగిందనుకున్నాను. తెలియకపోతే, విన్నాకనే రాయొచ్చు కదా, వినడానికి జడిసినట్టు ముందే ఇన్ని పేజీలు ఎందుకు రాశాను? ఏమో.

సుభాన్ మిషన్ ఆపేసి, తల ఎత్తకుండా, నేను ఆ పొద్దే, పెండ్లిలోనే ఇన్న్యా చిన్నబ్బా అన్నాడు. హెడ్‌ఫోను చెవులకు తగిలించుకోని ఉన్న్యా గదా అన్నాడు. సూడలేదని చెప్పినాను గాని ఇనలేదని ఎప్పుడు చెప్పినాను అన్నాడు. పొద్దుటి నుంచి బెల్టు వాడి జేబులోనే ఉంది. తర్వాత, ఆ రెండు నిమిషాలు బ్లేడుతో కోసి అతికించేస్తా, ఎవురికీ తెలీదు అన్నాడు. ఇన్నేండ్ల స్నేహితుడు అన్న మాట అది, తప్పు పట్టను. ఒక్క నిమిషం నేను సరే అనబోయాను. అది కూడా నీకు తెలియాలి. వద్దన్నాను. ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి జయచంద్రకు పంపమన్నాను. అతను వెతికే తొలి రికార్డు అది. నీ పాట ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయి ఉంది. నా గొంతు కూడా అందులో ఉండనీ.

ఇంటికి వచ్చి మీ అమ్మకు చెప్పాను. పెదవి సిట్లి ఇంటికి వచ్చినాడు, నెలరోజులు ఊదలేదు, పసుపు పెట్టింది నేను, నువ్వడిగితే గదా సెప్పేది అంది. అంతే. అన్నం పెట్టింది.

నీకు క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు. రాయను. నువ్వు అబద్ధం చెప్పావని నేను ఎవరెవరికి చెప్పానో, వాళ్ళకు నేనే పోయి నిజం చెప్పి వస్తాను. ఓణీల ఫంక్షను దాకా ఆగను.

మొదట పాకాలలో మీ పెద్దత్తకు. రేపే పోతాను. చుట్టాల్లో నా మాట నమ్మనిది ఆమె ఒక్కతే.

తిరుపతిలో సుబ్రమణ్యం మామకు. వాళ్ళ ఇంట్లో ఆ రోజు ఉన్న వాళ్ళందరికీ చెప్పమని ఆయన్నే అడుగుతాను. తెలుగు చేసి చెప్పడం ఆయనకు అలవాటు.

ధనంజయ కొడుకు పెంచలయ్యకు. మీ నాయన ఉండి ఉంటే నా పక్షాన సాక్ష్యం చెప్పేవాడని వాడి ముందు ఎన్నిసార్లో అన్నాను. వాడి నాయన నేను చెప్పినందుకు దోలు కొట్టాడు, అంతే.

గూడూరులో ధరణమ్మకు. బంధువు కాదు. అయినా, గట్టిమేళం ఎవరి చెవిన పడకూడదని కొట్టించానో, ఆమె చెవిన అన్నీ పడ్డాయి.

తిరుమలలో జయరామ్ బాబాయికి. కొండెక్కి, ఒట్టు పెట్టిన చోటే చెపుతాను.

ఇంక మహితకు. దానికి మాత్రం నువ్వు చెప్పొద్దు. నేనే చెప్పాలి. ఒక్కసారి ఫోను ఎత్తమను.